మెయింటెనెన్స్ కాంట్రాక్టర్ ఎంపిక: చవక రేటా, వేగమా, సొంత హ్యాంగరా?

ఎయిర్‌లైన్ మేనేజ్‌మెంట్ గేమ్‌లో మొదటి విమానం లీజుకు తీసుకోగానే, దాని మెయింటెనెన్స్ ఎవరికి అప్పగించాలో తేల్చుకోమంటూ ఒక జాబితా వస్తుంది. చాలామంది రేట్లు చూసి అందరికంటే తక్కువ అడిగినవాడిని ఎంచుకుంటారు. ఇంకొందరు పెద్ద కంపెనీ అయితే టెన్షన్ ఉండదని ఎక్కువ రేటుకు సిద్ధపడతారు. రెండు నిర్ణయాలూ ఒక్కోచోట సరైనవే. ఎక్కడ ఏది సరైనదో తెలియాలంటే రేట్ల పట్టికతో పాటు మీ టైమ్‌టేబుల్‌ కూడా ఎదురుగా పెట్టుకోవాలి. కాంట్రాక్టర్ డబ్బు తీసుకుంటాడు, దాంతోపాటు విమానం నేలమీద ఉండే గంటలు కూడా తీసుకుంటాడు. ఆ గంటలకు మీ దగ్గర విలువ ఉందా లేదా అన్నదాని మీదే ఎంపికంతా ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా ఎయిర్‌లైన్‌సిమ్ తరహా గేమ్‌ల గురించి. వాటిలో ఫ్లైట్‌కూ ఫ్లైట్‌కూ మధ్య మీరు వదిలిన ఖాళీలోనే మెయింటెనెన్స్ జరుగుతుంది. ఖాళీ చాలకపోతే మెయింటెనెన్స్ నిష్పత్తి (కావాల్సిన సమయంలో ఎంత శాతం దొరికిందో చెప్పే అంకె) 100 శాతం కిందికి పోయి విమానం కండిషన్ మెల్లగా పడిపోతుంది. బటన్ నొక్కి, డబ్బు కట్టి, విమానాన్ని కాసేపు ఆపే గేమ్‌లలోనూ లెక్క చాలావరకు ఇదే.

ముందుగా చూడాల్సినవి

మొదటిది, రేటు దేనిమీద వేస్తున్నారు? కొన్ని గేమ్‌లలో అది ఎగిరిన గంటకు, కొన్నిటిలో పని చేసిన గంటకు, కొన్నిటిలో ఫ్లైట్‌కు ఇంత అని ఉంటుంది. ఒకే కొలతకు మార్చకుండా రెండు రేట్లను పోల్చకూడదు. అన్నిటినీ ఎగిరిన గంటకు మార్చుకోవడం సులువు.

రెండోది, ఒక గంట ఎగిరినందుకు ఎంతసేపు నేలమీద ఉంచాలి. కాంట్రాక్టర్ వేగం అంటే ఇదే.

మూడోది మీ మార్జిన్. ఒక గంట ఎగిరితే వచ్చే టికెట్ ఆదాయంలో ఇంధనం, సిబ్బంది, ల్యాండింగ్ ఫీజులు పోగా, మెయింటెనెన్స్ బిల్లు కట్టకముందు మిగిలేది ఎంత? ఈ అంకె తెలియకుండా వేగానికి డబ్బు పెట్టడం గుడ్డిగా పెట్టడమే.

విమానం వయసు, ఫ్లైట్ల నిడివి కూడా చూడాలి. వాటి సంగతి సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

ఉదాహరణకు ముగ్గురు కాంట్రాక్టర్లను తీసుకుందాం. ఈ అంకెలు లెక్క చూపించడానికి నేను అనుకున్నవి. వీటి స్థానంలో మీ గేమ్‌లోని అంకెలు వేసుకోండి.

| | చవక | మధ్యరకం | ఖరీదు |
|---|---|---|---|
| పని గంటకు రేటు | 600 | 950 | 1,920 |
| ఒక గంట ఎగిరితే కావాల్సిన పని | 30 నిమిషాలు | 24 నిమిషాలు | 15 నిమిషాలు |
| ఎగిరిన గంటకు అసలు ఖర్చు | 300 | 380 | 480 |

మొదటి వరుస చూస్తే ఖరీదైనవాడు చవకవాడికంటే మూడు రెట్లు దాటి అడుగుతున్నాడు. మూడో వరుసకు వచ్చేసరికి తేడా 60 శాతానికి దిగింది. పని గంట రేటు చూసి భయపడి వెనక్కి తగ్గినవాళ్లు ఈ ఒక్క గుణకారం చేసి ఉంటే జాబితా వేరేలా కనిపించేది.

రాత్రీ పగలూ ఎగిరే విమానం

ఒక 150 సీట్ల విమానం రెండు గంటల రూట్లలో తిరుగుతోంది, ప్రతి ఫ్లైట్ తర్వాత గంటసేపు టర్న్‌అరౌండ్ (దిగిన విమానం మళ్లీ బయలుదేరడానికి సిద్ధమయ్యే సమయం), విమానాశ్రయాలు 24 గంటలూ తెరిచే ఉంటాయి అనుకుందాం. టర్న్‌అరౌండ్ సమయం మెయింటెనెన్స్‌కు లెక్కరాదు. అంటే ఒక గంట ఎగరడానికి గంటన్నర పోతుంది, దానికి కాంట్రాక్టర్ తీసుకునే సమయం కలుస్తుంది. వారానికి ఉన్నవి 168 గంటలు. చవకవాడితో 84 గంటలు ఎగరవచ్చు. మధ్యరకంతో 88, ఖరీదైనవాడితో 96.

| వారానికి మిగిలేది | చవక, 84 గంటలు | మధ్యరకం, 88 గంటలు | ఖరీదు, 96 గంటలు |
|---|---|---|---|
| మార్జిన్ గంటకు 1,200 అయితే | 75,600 | 72,160 | 69,120 |
| మార్జిన్ గంటకు 2,200 అయితే | 1,59,600 | 1,60,160 | 1,65,120 |

మార్జిన్ తక్కువైతే చవకవాడు, ఎక్కువైతే ఖరీదైనవాడు. మలుపు ఎక్కడుందో కూడా తేలిగ్గానే తెలుస్తుంది. ఖరీదైనవాడి మొత్తం బిల్లు వారానికి 46,080, చవకవాడిది 25,200. తేడా 20,880. దానికి బదులుగా మీకు వచ్చినవి 12 అదనపు గంటలు. ఒక్కో అదనపు గంటకు మీరు 1,740 కట్టినట్టు. ఆ గంటలో మీకు అంతకుమించి మిగిలితేనే వేగం కొనడం లాభం.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా చూడండి. ఆ 12 గంటలు ఏ వేళలో వస్తున్నాయి? ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో మీరు ఇప్పటికే ఎగురుతూ ఉంటారు. కొత్తగా చేరే ఫ్లైట్లు చాలావరకు అర్ధరాత్రి దాటాక పడతాయి, అప్పుడు సీట్లు నిండవు. మీ సగటు మార్జిన్ 2,000 ఉండొచ్చు. తెల్లవారుజామున మూడింటికి బయలుదేరే ఫ్లైట్ మార్జిన్ అందులో సగం కూడా ఉండకపోవచ్చు. 1,740తో పోల్చాల్సింది ఆ మూడింటి ఫ్లైట్‌ను. సగటు పెట్టి లెక్కవేసినప్పుడు ఖరీదైన కాంట్రాక్టర్ ఎప్పుడూ ఉన్నదానికంటే మంచివాడిలా కనిపిస్తాడు.

రాత్రి మూసేసే విమానాశ్రయం

నిజ ప్రపంచంలో సిడ్నీ విమానాశ్రయంలో రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా కర్ఫ్యూ ఉంది. అలాంటి నియమాన్ని పాటించే గేమ్‌లో మీ స్థావరం అక్కడే ఉంటే లెక్క పూర్తిగా మారిపోతుంది.

ఉదయం 6 నుంచి రాత్రి 11 దాకా 17 గంటలు. రెండు గంటల ఫ్లైట్లు ఆరు, వాటి మధ్య ఐదు టర్న్‌అరౌండ్‌లు సరిగ్గా అందులో పడతాయి. అంటే రోజుకు మూడు రాకపోకలు, వారానికి 84 గంటలు. రాత్రి ఏడు గంటల్లో ఒక గంట టర్న్‌అరౌండ్‌కు పోతే ఆరు గంటలు, వారానికి 42 గంటలు మెయింటెనెన్స్‌కు దొరుకుతాయి. చవకవాడికి కావాల్సింది కూడా 42 గంటలే.

ఇక ఖరీదైనవాడు ఏం చేస్తాడు? 21 గంటల్లో పని ముగిస్తాడు, మిగిలిన 21 గంటలు విమానం ఊరికే నిలబడి ఉంటుంది. అదనంగా ఒక్క ఫ్లైట్ కూడా రాదు. దీనికోసం మీరు ఒక విమానానికి వారానికి 15,120 ఎక్కువ కడతారు. పది విమానాలుంటే లక్షన్నర. కర్ఫ్యూ ఉన్న స్థావరం నుంచి చిన్న రూట్లు నడిపేవాళ్లకు నా సలహా సూటిగా ఇదే: వేగానికి డబ్బు పెట్టకండి.

అయితే 42కి 42 అంటే ఊపిరాడని లెక్క. నిష్పత్తి సరిగ్గా 100 దగ్గర ఉంటుంది, ఒక ఆలస్యం వచ్చినా, టైమ్‌టేబుల్ కొంచెం మారినా కిందికి జారుతుంది. దీనికి రెండు దారులున్నాయి. వారానికి ఒక్క రాకపోక తీసేస్తే ఎగిరేది 80 గంటలు అవుతుంది, కావాల్సిన పని 40 గంటలకు తగ్గుతుంది, దొరికే సమయం 48 గంటలకు పెరుగుతుంది. నిష్పత్తి 120 శాతం. లేదా 84 గంటలూ ఉంచుకుని మధ్యరకం కాంట్రాక్టర్‌కు మారవచ్చు. అక్కడ కావాల్సింది 34 గంటలలోపే. గంటకు మార్జిన్ 1,980 కంటే తక్కువైతే రాకపోక తీసేయడం మేలు, ఎక్కువైతే మధ్యరకం మేలు. తీసేసేది మంగళవారమో బుధవారమో సగం ఖాళీగా వెళ్లే ఫ్లైట్ అయితే ఆలోచించనే అక్కర్లేదు, తీసేయండి.

విమానం పాతబడేకొద్దీ ఈ రాత్రి లెక్క ఇరుకవుతుంది. వయసుతో పాటు పని పెరిగే గేమ్‌లలో, పని 20 శాతం పెరిగిందంటే చవకవాడికి 50 గంటలు దాటి కావాలి, రాత్రులు చాలవు. మధ్యరకానికి 40 గంటల పైచిలుకు, అది ఇంకా సరిపోతుంది. కొత్తలో పెట్టుకున్న కాంట్రాక్టర్‌ను ఏళ్ల తరబడి అలాగే వదిలేయకండి.

ఎనిమిదో విమానం

ఖరీదైన కాంట్రాక్టర్‌ను తోటి కాంట్రాక్టర్లతోనే పోల్చి ఆపేస్తుంటారు. నిజానికి అతనికి అసలు పోటీ ఇంకో విమానం.

24 గంటల ఉదాహరణకే తిరిగి వెళ్దాం. ఖరీదైనవాడి దగ్గర ఏడు విమానాలు వారానికి 672 గంటలు ఎగురుతాయి. చవకవాడి దగ్గర ఎనిమిది విమానాలు కూడా సరిగ్గా 672 గంటలే ఎగురుతాయి. ఫ్లైట్లు అన్నే, టికెట్లు అన్నే. మొదటి దారిలో మెయింటెనెన్స్ బిల్లు వారానికి 1,20,960 ఎక్కువ. రెండో దారిలో ఒక విమానం లీజు ఎక్కువ. ఎనిమిదో విమానం లీజు వారానికి 1,20,960 కంటే తక్కువకు దొరికితే దాన్ని తెచ్చుకుని చవకవాడితోనే ఉండండి. మార్జిన్ ఎంతో కూడా చూడనక్కర్లేదు, రెండు వైపులా ఆదాయం ఒకటే కాబట్టి.

ఈ పోలికలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. ఎనిమిది విమానాలున్నప్పుడు రద్దీ వేళల్లో ఒకేసారి ఎనిమిది ఫ్లైట్లు పంపవచ్చు. ఏడు విమానాలు ఎంత గట్టిగా తిరిగినా ఉదయం ఎనిమిదింటికి ఏడు చోట్లే ఉండగలవు. గంటలు సమానమైనా ఆ గంటల విలువ సమానం కాదు.

ఎదురు వాదన కూడా ఉంది. ఆట మొదట్లో లీజు డిపాజిట్‌కే డబ్బు ఉండదు. అప్పుడు ఖరీదైన కాంట్రాక్టర్ అంటే డిపాజిట్ లేకుండా విమానంలో ఏడో వంతు అద్దెకు దొరికినట్టు. చేతిలో మూడు నాలుగు విమానాలు, నిండిపోతున్న రూట్లు, ఖాళీ ఖజానా: ఈ మూడూ ఒకేచోట ఉంటే కొన్ని వారాలు ఎక్కువ రేటు కట్టడం తప్పుకాదు. డబ్బు చేరాక మాత్రం వెంటనే లెక్క మళ్లీ వేయండి.

దూరప్రయాణాల విమానం

దూర రూట్లలో గంట మార్జిన్ ఎక్కువ కాబట్టి ఖరీదైనవాడే మేలని ఒక నమ్మకం ఉంది. అది సగమే నిజం. అక్కడ ఫ్లైట్లను గంటల్లో పెంచలేం, రాకపోకల్లోనే పెంచాలి.

ఒకవైపు 12 గంటలు, ప్రతిసారీ రెండు గంటల టర్న్‌అరౌండ్. వెళ్లి రావడానికి 28 గంటలు. మెయింటెనెన్స్ కలిపితే చవకవాడితో 40 గంటలు, మధ్యరకంతో 37 గంటల 36 నిమిషాలు, ఖరీదైనవాడితో 34 గంటలు. వారానికి ఎన్ని పడతాయి? ముగ్గురి దగ్గరా నాలుగే. ఖరీదైనవాడితో 32 గంటలు మిగిలిపోతాయి, ఐదో రాకపోకకు రెండు గంటలు తక్కువ. ఆ మిగిలిన సమయంలో ఏదైనా చిన్న రూట్ ఇరికించగలిగితే సరే, లేకపోతే కట్టిన తేడా అంతా వృథా.

అదే రూట్ ఒకవైపు 11 గంటల 30 నిమిషాలు అనుకోండి. చవకవాడితో వెళ్లి రావడానికి 38 గంటల 30 నిమిషాలు, మళ్లీ నాలుగే. మధ్యరకంతోనూ నాలుగే. ఖరీదైనవాడితో 32 గంటల 45 నిమిషాలు, ఈసారి ఐదు పడతాయి. అరగంట తేడాతో వృథా ఖర్చు కాస్తా పెద్ద విమానానికి వారానికి ఒక పూర్తి రాకపోకగా మారింది. అందుకే దూర రూట్లకు సాధారణ సలహా పనికిరాదు. ఒక్కో రూట్‌కూ భాగహారం చేసి, భాగఫలంలో పూర్ణసంఖ్య మారిందా లేదా అన్నదే చూడండి. మారకపోతే చవకవాడు, మారితే ఖరీదైనవాడు. మధ్యరకం ఈ వర్గానికి చాలా అరుదుగా కుదురుతుంది.

గంటకింత అని కుదుర్చుకునే ఒప్పందం

కొన్ని గేమ్‌లలో ఇంజిన్‌కో, మొత్తం విమానానికో ఎగిరిన గంటకు ఇంత అని స్థిరమైన రేటు ఒప్పందం ఉంటుంది. ఏ రిపేరు వచ్చినా అదనపు బిల్లు ఉండదు. ఇది నిజ ప్రపంచంలో పుట్టిన పద్ధతే. 1962లో బ్రిస్టల్ సిడ్లీ సంస్థ బిజినెస్ జెట్లలో వాడే వైపర్ ఇంజిన్‌కు ఇలాంటి పథకం తెచ్చింది.

ఇది ఎవరికి లాభమో తెలియాలంటే అరుగుదల ఎక్కడ వస్తుందో చూడాలి. విమానం ఎగిరే గంటలతో అరిగినట్టే, ఎక్కి దిగే సార్లతో కూడా అరుగుతుంది. ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్ కలిపి ఒక సైకిల్. ప్రతి సైకిల్‌లో క్యాబిన్ గాలి ఒత్తిడితో ఉబ్బి తగ్గుతుంది, ల్యాండింగ్ గేర్ దెబ్బ తింటుంది, ఇంజిన్ వేడెక్కి చల్లారుతుంది. 1988 ఏప్రిల్ 28న అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పు భాగం గాల్లోనే ఊడిపోయి ఒక సిబ్బంది సభ్యురాలు ప్రాణాలు కోల్పోయారు. ఆ విమానం అప్పటికి ఎగిరింది 35,496 గంటలే, సైకిళ్లు మాత్రం 89,680. సగటున ఒక్కో ఫ్లైట్ 24 నిమిషాలు. గంటలు మాత్రమే చూస్తే ఆ విమానం అంత అరిగినట్టు కనిపించదు.

మీ గేమ్ సైకిళ్లను లెక్కలోకి తీసుకుని అరుగుదల వేస్తూ, ఒప్పందం మాత్రం గంటల మీద ఇస్తుంటే, పొట్టి ఫ్లైట్లు నడిపేవాళ్లకు అది మంచి బేరం. ఏటీఆర్ 72 లాంటి విమానంతో 40 నిమిషాల రూట్లు తిప్పుతున్నవాళ్లు ముందు దీన్నే చూడాలి. 10 గంటల రూట్ల విమానానికి ఇదే ఒప్పందం పెడితే ఇతరుల సైకిళ్ల ఖర్చు మీరు మోసినట్టవుతుంది. ఒప్పందంలో కనీస గంటల షరతు ఉందేమో కూడా చూడండి. డిమాండ్ పడిపోయి విమానాన్ని పక్కన పెట్టినా ఆ కనీసానికి డబ్బు కట్టాల్సి వస్తే, స్థిరమైన ఖర్చు అనే సుఖం పోతుంది.

సొంత హ్యాంగర్

హ్యాంగర్ అంటే విమానాలను నిలిపి రిపేరు చేసే షెడ్డు. దాన్ని సొంతంగా నడిపే అవకాశం అన్ని గేమ్‌లలోనూ ఉండదు. ఉన్నచోట అందరినీ ఆకర్షిస్తుంది, చాలామంది తొందరపడతారు. లెక్క చిన్నదే. హ్యాంగర్ అద్దె, మెకానిక్‌ల జీతాలు కలిపి వారానికి 4,00,000 స్థిర ఖర్చు, ఆపై ఎగిరిన గంటకు విడిభాగాలకు 160, వేగం చవకవాడితో సమానం అనుకుందాం. చవకవాడి 300తో పోలిస్తే గంటకు 140 ఆదా. 4,00,000 తిరిగి రావాలంటే వారానికి 2,857 గంటలు ఎగరాలి. మన 84 గంటల విమానాలైతే 35 కావాలి.

ముప్పై ఐదు విమానాలున్నా అవి ఒకే కుటుంబానివి కాకపోతే ఆగండి. ఎయిర్‌బస్ ఏ320కు కట్టిన వర్క్‌షాప్ బోయింగ్ 737కు పనికిరాని గేమ్‌లలో స్థిర ఖర్చు రెండింతలవుతుంది. ఇంకా 35 అన్నది నష్టం లేని సంఖ్య మాత్రమే. ఇంధనం ధర పెరిగి పది విమానాలు ఆపేయాల్సి వచ్చిన వారం కాంట్రాక్టర్ బిల్లు తనంతట తాను తగ్గుతుంది, హ్యాంగర్ బిల్లు తగ్గదు. 45, 50 విమానాల దాకా ఎదిగి, ఫ్లీట్‌లో పెద్ద మార్పులేవీ అనుకోనివాళ్లకే నేను దీన్ని సూచిస్తాను. నిజ ప్రపంచంలో పెద్ద ఎయిర్‌లైన్‌లు బయటి విమానాల పనిని కూడా తీసుకుని ఈ స్థిర ఖర్చును పంచుకుంటాయి. మీ గేమ్‌లో ఇతర ఆటగాళ్ల విమానాలను తీసుకునే వీలుంటే ఆ సంఖ్య చాలా కిందికి వస్తుంది.

ఎవరికి ఏది

| మీ పరిస్థితి | మొదట చూడాల్సింది | అది కుదరకపోతే |
|---|---|---|
| కర్ఫ్యూ ఉన్న స్థావరం, చిన్న రూట్లు | చవక | మధ్యరకం, నిష్పత్తి ఇరుకైతే |
| 24 గంటల స్థావరం, లీజుకు డబ్బు ఉంది | చవక, ఇంకో విమానంతో | మధ్యరకం |
| 24 గంటల స్థావరం, డిపాజిట్‌కు డబ్బు లేదు | ఖరీదు, కొన్నాళ్లకే | మధ్యరకం |
| దూర రూట్లు | రూట్‌వారీ భాగహారం | చవక |
| గంటలోపు ఫ్లైట్లు, పాత విమానాలు | గంట రేటు ఒప్పందం | మధ్యరకం |
| ఒకే కుటుంబం, 45 పైన విమానాలు | సొంత హ్యాంగర్ | చవక |

మొత్తం ఫ్లీట్‌కు ఒకే కాంట్రాక్టర్ ఉండాలనే నియమం గేమ్ పెట్టకపోతే మీరూ పెట్టుకోకండి. చిన్న విమానాలు ఒకరికి, దూర విమానాలు ఇంకొకరికి ఇవ్వడంలో తప్పేమీ లేదు. మారేటప్పుడు ముందు ఒక్క విమానాన్ని మార్చండి. వారం తర్వాత మూడు అంకెలు చూడండి: ఎగిరిన గంటకు పడిన అసలు ఖర్చు, మెయింటెనెన్స్ నిష్పత్తి, వారం మొదట్లో, చివర్లో విమానం కండిషన్. బిల్లు తగ్గి కండిషన్ కూడా తగ్గితే అది ఆదా కాదు, తర్వాత కట్టాల్సిన అప్పు. అమ్మేటప్పుడో, లీజు తిరిగి అప్పగించేటప్పుడో అది బయటపడుతుంది. కండిషన్ నిలబడి బిల్లు తగ్గితే మిగతా విమానాలను కూడా మార్చేయండి.